ఎప్పుడూ ఆటలో అరటిపండేనా?

సాయంత్రం పిల్లలంతా కింద దాగుడుమూతలు ఆడుతుంటే మీవాడు మెట్ల దగ్గరే నిలబడతాడు, లేదా అయిదు నిమిషాలకే ఏడుస్తూ పైకి వచ్చేస్తాడు. "మావాడికి సిగ్గండీ" అని వాడి ముందు మాత్రం అనకండి. రెండు మూడు రోజులు బాల్కనీలోంచి ఊరికే గమనించండి. ఎక్కడ బెడిసికొడుతోందో అప్పుడే తెలుస్తుంది.

సమస్య: ఎవరూ ఆటలోకి తీసుకోరు

చాలాసార్లు చిక్కు వాడు వెళ్లే సమయంలో ఉంటుంది. పంటలు వేసుకుని దొంగ ఎవరో తేలాక వెళ్లి "నేనూ వస్తాను" అంటే ఆట ఆపడం ఎవరికి ఇష్టం? మహా అయితే అరటిపండుగా చేర్చుకుంటారు. ఆడినట్టే ఉంటుంది, దొరికినా లెక్కలోకి రాదు. నాలుగేళ్లప్పుడు అది ముద్దు, ఎనిమిదేళ్లకు అవమానం.

పది నిమిషాలు ముందే పంపండి. ఆలస్యమైతే ఆ ఆట అయ్యేదాకా చూసి, తరవాత అడగమనండి. బంతి ఇచ్చి పంపితే చేర్చుకుంటారు గానీ, బంతి తనదైతే నియమాలూ తనవే అనుకునే పిల్లల్ని మర్నాడు ఎవరూ పిలవరు. అంతకన్నా మేలైనది, వాళ్లలో నెమ్మదస్తుణ్ని ఒక్కణ్ని ఆదివారం ఇంటికి పిలవడం. గంట చాలు. గుంపంటే బెదిరే పిల్లలు కూడా ఒక్కరితో తేలిగ్గా కలుస్తారు. కింద ఆటలో పక్షం వహించడానికి ఆ ఒక్కడు ఉంటే ఎంతో ధైర్యం.

సమస్య: ఓడితే తొండి, అలక

కారణం ఇంట్లోనే ఉంది. తాతయ్య, అమ్మమ్మ, మీరు, అందరూ ప్రేమకొద్దీ వాడి చేతిలో ఓడిపోతున్నారు. కింద అలా ఓడేవాళ్లు దొరకరు. అష్టాచెమ్మా తీసి నిజంగానే ఆడండి. పండబోతున్న వాడి కాయను చంపండి. మొదటివారం ఏడుపు తప్పదు, తాతయ్య అడ్డుపడటమూ తప్పదు. మీరు ఓడినప్పుడు "అబ్బ, పోయింది! ఇంకో ఆట వేద్దామా?" అని పైకే అనండి. వాడు కింద అనాల్సిన మాట అదే.

సమస్య కానివి

రెండు మూడేళ్లవాళ్లు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం ఆ వయసు లక్షణం. ఎనిమిదేళ్ల పిల్లకు ఒక్కతే స్నేహితురాలున్నా, ఇద్దరూ హాయిగా ఉంటే వదిలేయండి. పుట్టినరోజుకు ఇరవైమంది రావాలన్నది మన ముచ్చట.

సమస్య: పిలిచినా పలకడు

మొండితనం అనుకునే ముందు చెవులు చూపించండి. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి, నొప్పి లేకుండానే వినికిడి తగ్గవచ్చు. చెవులు బాగానే ఉండి, పేరు పెట్టి పిలిచినా చూడకపోవడం, ఎదుటివారిది కోపమో వేళాకోళమో పోల్చుకోలేకపోవడం చిన్నప్పటి నుంచీ ఉంటే పిల్లల వైద్యుడికి చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వస్తాయి. 18 ఏళ్ల వరకు పరీక్షలు ఉచితం. అవసరమైతే జిల్లాలోని డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదలలో లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రానికి, వాళ్లే పంపుతారు.