పిల్లలతో నాగ్ టిబ్బా: బయల్దేరే ముందు జాగ్రత్తలు

ఉత్తరాఖండ్‌లో ముస్సోరీ దగ్గరి నాగ్ టిబ్బా ఎత్తు 3,022 మీటర్లు. మొదటి ట్రెక్కుకు మంచి కొండే, తేలిగ్గా మాత్రం తీసుకోవద్దు.

• పిల్లల బ్యాగు వాళ్ల బరువులో పదో వంతు దాటకూడదు. 30 కిలోల పిల్లాడికి నీళ్ల సీసాతో కలిపి 3 కిలోలు.

• కొత్త బూట్లతో ముందే రెండు వారాలు మెట్లెక్కి దిగాలి. దిగుడులో వేళ్లు ముందుకు తోసుకొస్తాయి, కాబట్టి గోళ్లు కత్తిరించండి.

• జీన్స్, కాటన్ బనియన్లు వద్దు. చెమటకు తడిస్తే ఓ పట్టాన ఆరవు, ఆగగానే వణుకు మొదలవుతుంది.

• స్టవ్ గ్యాస్ డబ్బాను విమానంలో రానివ్వరు, డెహ్రాడూన్‌లో కొనండి.

• దారిలో నీళ్లు తక్కువ. పెద్దలకు తలా 2 లీటర్లు, నడక మొదలయ్యే పంత్వాడి ఊళ్లోనే నింపుకోండి. ఊట నీళ్లలో క్లోరిన్ బిళ్ల వేశాక అరగంట ఆగాలి, బాగా చల్లటి నీళ్లయితే ఇంకాసేపు.

• అన్నిటికన్నా ముఖ్యం: 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు గమనించండి. చిన్నపిల్లలు తలనొప్పని చెప్పలేరు. తిండి మానేసి, ఆటలాడక, ఊరికే చిరాకు పడుతుంటే ఎత్తు పడట్లేదనే అనుకోండి. అక్కడే ఆగండి. తగ్గకపోతే తెల్లారేదాకా చూడకుండా కిందికి దింపేయండి.

• ప్రతి పిల్లకూ మెడలో ఈల. తప్పిపోతే కదలకుండా నిలబడి మూడుసార్లు ఊదాలని ఇంట్లోనే నేర్పండి.