పిల్లలకు తరచూ జబ్బు చేస్తోందా? లక్షణాన్ని బట్టి తిండిలో లోపం వెతకండి

"మా బిడ్డకు రోగనిరోధక శక్తి తక్కువగా ఉంది, ఏదైనా టానిక్ చెప్పండి" అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఆ మాట వెనుక ఒక్కో ఇంట్లో ఒక్కో సమస్య ఉంటుంది. ఒక బిడ్డకు రక్తహీనత, మరొక బిడ్డకు చాలినంత తిండి లేకపోవడం. ఇంకొక బిడ్డకు అసలు ఏ లోపమూ ఉండదు. అన్నింటికీ ఒకే సీసా మందు పనిచేయదు. అందుకే టానిక్ కొనే ముందు లక్షణాన్ని సరిగ్గా గమనించండి. ఇక్కడ చెప్పేవి ముఖ్యంగా ఆరు నెలల నుంచి ఐదేళ్ల వయసు పిల్లల గురించి.

సమస్య: ఒక జలుబు తగ్గగానే మరొకటి

కారణం: చాలాసార్లు ఇది లోపం కాదు. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. చిన్నపిల్లల శరీరం వాటిని ఒక్కొక్కటిగా ఎదుర్కొంటూ నేర్చుకుంటుంది. ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు రావడం మామూలే. కొత్తగా బడికో శిశు సంరక్షణ కేంద్రానికో వెళ్తున్న పిల్లలకు ఇంకా ఎక్కువసార్లు రావచ్చు.

పరిష్కారం: జలుబులను లెక్కపెట్టడం మాని, రెండు జలుబుల మధ్య బిడ్డ ఎలా ఉందో చూడండి. ఆడుకుంటూ, తింటూ, వయసుకు తగ్గట్టు బరువు పెరుగుతుంటే ఆహారంలో పెద్ద మార్పులేమీ అక్కర్లేదు. చేతులు కడగడం, చాలినంత నిద్ర, వేళకు టీకాలు చూసుకుంటే చాలు. విటమిన్ సి మందు జలుబును అడ్డుకోదు. రోజూ వాడితే జలుబు ఉండే కాలం కాస్త తగ్గుతుంది, అంతే. దానికి బదులు రోజూ ఒక పండు పెట్టండి. జ్వరం లేకుండా తుమ్ములు, ముక్కు దురద, నీళ్లలాంటి స్రావం వారాల తరబడి సాగితే అది అలర్జీ కావచ్చు. దానికి తిండితో సంబంధం వెతకవద్దు.

సమస్య: పాలిపోయిన ముఖం, నీరసం, చిరాకు, మట్టి తినడం

కారణం: ఐరన్ లోపాన్ని ముందుగా అనుమానించాలి. పుట్టినప్పుడు తల్లి నుంచి తెచ్చుకున్న ఐరన్ నిల్వలు సుమారు ఆరు నెలలకు తరిగిపోతాయి. తల్లిపాలలో ఐరన్ కొద్దిగానే ఉంటుంది. సరిగ్గా ఆ వయసులోనే అవసరం పెరుగుతుంది. అమెరికా పోషకాహార ప్రమాణాల ప్రకారం 7 నుంచి 12 నెలల బిడ్డకు రోజుకు 11 మి.గ్రా. ఐరన్ కావాలి. పెద్ద వయసు మగవాడికి 8 మి.గ్రా. చాలు! రక్తానికే కాదు, క్రిములతో పోరాడే తెల్లరక్తకణాలు వృద్ధి కావడానికీ ఐరన్ అవసరం.

రెండో కారణం పాలు. ఇది చాలా ఇళ్లలో ఎవరి దృష్టికీ రాదు. ఏడాది దాటిన బిడ్డ రోజంతా సీసాతో పాలు తాగుతుంటే పెద్దలు సంతోషిస్తారు. కానీ పశువుల పాలలో ఐరన్ దాదాపు లేదు. అందులోని కాల్షియం ఇతర ఆహారంలోని ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. కడుపు పాలతో నిండిపోతే బిడ్డ ముద్ద ముట్టదు. ఏడాదిలోపు ఆవుపాలు ప్రధాన ఆహారంగా ఇస్తే పేగుల్లో కంటికి కనిపించనంత రక్తస్రావం కూడా జరగవచ్చు.

పరిష్కారం: ఏడాది దాటాక పాలను రోజుకు సుమారు 500 మి.లీ.కు పరిమితం చేయండి, అదీ భోజనం తర్వాత, గ్లాసుతో. ఆరు నెలలు నిండగానే మెత్తగా చేసిన మాంసం, చేప, గుడ్డు, పప్పులు మొదలుపెట్టండి. మాంసాహారం లేని ఇంట్లో పప్పులు, ఆకుకూరలతో పాటు అదే పూట నారింజ, నిమ్మ, టమాటా వంటివి తప్పక ఉండాలి. విటమిన్ సి తోడైతే మొక్కల ఐరన్ బాగా ఒంటబడుతుంది. టీ దానికి విరుద్ధంగా పనిచేస్తుంది కాబట్టి పిల్లలకు టీ వద్దు.

అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించండి. రెండేళ్ల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. ఐరన్ సిరప్ వైద్యుల లెక్క ప్రకారమే వాడాలి. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా నిల్వలు నిండేదాకా కొనసాగించమంటారు, మధ్యలో ఆపకండి. మలం నల్లగా మారితే కంగారు పడవద్దు. సీసాను, పెద్దల ఐరన్ మాత్రలను మాత్రం పిల్లలకు అందనివ్వకండి. మోతాదు మించితే ప్రాణాపాయం.

సమస్య: జబ్బు తగ్గినా బిడ్డ కోలుకోవడం లేదు, బరువు తగ్గుతోంది

కారణం: జ్వరమో విరేచనాలో వచ్చినప్పుడు తిండి ఆపేయడం, లేదా పలుచని జావతో సరిపెట్టడం. ప్రేమతోనే చేస్తారు, కానీ బిడ్డకు దీనివల్ల జరిగే నష్టం పెద్దది. క్రిములతో పోరాడే శరీరానికి శక్తి, మాంసకృత్తులు మామూలుకన్నా ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే అవి అందకుండా పోతాయి. బలహీనపడిన ఒంటికి తర్వాతి జబ్బు త్వరగా తగులుకుంటుంది. అది ఇంకా బలహీనపరుస్తుంది.

పరిష్కారం: చిన్న బిడ్డ పొట్టలో కిలో బరువుకు సుమారు 30 మి.లీ. పడుతుంది. అంటే 8 కిలోల బిడ్డకు ఒక పూటకు 240 మి.లీ. అంత చిన్న పొట్టను నీళ్లతో నింపకండి. చెంచాలో తీస్తే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఆహారం ఉండాలి. అందులో చెంచాడు నెయ్యో నూనెనో కలపండి. జబ్బు రోజుల్లో కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి. తల్లిపాలు ఎంత అడిగితే అంత ఇవ్వండి. తగ్గాక కనీసం రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా పెట్టండి. ఈ చివరి పని ఎవరూ సరిగా చేయరు, కోల్పోయిన బరువు తిరిగొచ్చేది మాత్రం దీనితోనే.

సమస్య: మాటిమాటికీ విరేచనాలు

కారణం: అశుభ్రమైన నీరు, పాలసీసాలు, చేతులు. ప్రతి విడత విరేచనాలతో జింక్ బయటికి పోతుంది. జింక్ తగ్గితే పేగు మరమ్మతు ఆలస్యమవుతుంది.

పరిష్కారం: ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లో చేసిన సూచన ప్రకారం ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మి.గ్రా., అంతకన్నా చిన్నవారికి 10 మి.గ్రా., 10 నుంచి 14 రోజులు. విరేచనాలు మూడో రోజున ఆగినా ఈ గడువు పూర్తి చేయాలి. పాలసీసా మాని గిన్నె, చెంచా వాడండి. ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించవద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

సమస్య: మసక వెలుతురులో తడబాటు, లేదా వంగిన కాళ్లు

మొదటిది విటమిన్ ఎ లోపం, రెండోది విటమిన్ డి లోపం కావచ్చు. వెంటనే చూపించాలి. గుడ్డు పచ్చసొన, ఆకుకూరలు, పసుపు, నారింజ రంగు కూరగాయలు, పండ్లు విటమిన్ ఎ ఇస్తాయి. విటమిన్ డి ఆహారంలో తక్కువ కాబట్టి ఏడాదిలోపు పిల్లలకు రోజుకు 400 యూనిట్ల చుక్కలు సూచిస్తారు. ఈ రెండూ శరీరంలో నిల్వ ఉండిపోతాయి, అతిగా వేస్తే విషమవుతాయి.

సమస్య: ఏది పెట్టినా నోరు తెరవదు

కారణం తరచుగా కంచంలో కాదు, భోజనానికి ముందు గంటలో ఉంటుంది: బిస్కెట్, పండ్లరసం, పాలు. వాటిని ఆపి, ఆకలి వేయనివ్వండి. పండ్లరసం ఏడాదిలోపు అసలే వద్దు. కొత్త రుచి బిడ్డకు నచ్చడానికి ఎనిమిది, పదిసార్లు పెట్టాల్సి రావచ్చు. రెండోసారికే వదిలేయకండి. బలవంతంగా మాత్రం కుక్కవద్దు.

తిండితో తీరని సమస్యలు

ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, నాలుగైదుసార్లు చెవిలో చీము, లోతైన గడ్డలు మళ్లీమళ్లీ రావడం, నోట్లో తగ్గని తెల్లపూత, నెలల తరబడి పెరగని బరువు ఉంటే రోగనిరోధక వ్యవస్థలోనే లోపం ఉందేమో పరీక్షించాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు బిడ్డ దండ (మోచేతికి పైనున్న చేయి) చుట్టుకొలత 11.5 సెం.మీ. కంటే తక్కువుంటే తీవ్రమైన పోషణ లోపం. ఇంట్లో ప్రయోగాలు చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దగ్గుతో ఉన్న బిడ్డ నిమిషానికి 50 సార్లు (ఏడాది దాటితే 40) లేదా అంతకుమించి ఊపిరి తీస్తుంటే అదే రోజు వెళ్లండి. వెళ్లేటప్పుడు బరువు నమోదు చేసిన కార్డు, టీకాల పుస్తకం, గత మూడు రోజుల్లో బిడ్డ తిన్నవీ తాగినవీ రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి.