ఏక చీలిక వివర్తనం: పట్టీలు తేడాగా వస్తే ముందు చీలికను చూడండి

లేజరు కాంతి ఒక సన్నని చీలిక గుండా వెళ్ళి, విచ్చుకుని తెర మీద వెలుగు, చీకటి పట్టీలుగా పడడమే ఏక చీలిక వివర్తనం; ఆ పట్టీల మధ్య దూరం కొలిచి చీలిక వెడల్పు లెక్కకడతాం. తెర మీద ఎర్రటి చుక్క తప్ప పట్టీలేవీ కనిపించకపోతే చీలిక వెడల్పు ఎక్కువగా ఉందని అర్థం. 650 నానోమీటర్ల లేజరుకు 0.1 మిల్లీమీటరు చీలిక పెడితే, మీటరు దూరంలోని తెర మీద మధ్య పట్టీ 13 మిల్లీమీటర్ల వెడల్పున రావాలి, 0.5 మిల్లీమీటర్ల చీలికకు అది 2.6 మిల్లీమీటర్లకు కుంచించుకుపోయి చుక్కలాగే కనబడుతుంది. మర తిప్పి చీలికను సన్నం చేస్తే సరిపోయేదానికి, లేజరే పాడైందని పక్కన పెట్టేసేవారిని ఏటా ప్రాక్టికల్స్ ముందు చూస్తూనే ఉన్నాను.

లెక్కలో చీలిక వెడల్పు సరిగ్గా సగమే వస్తే, అటూ ఇటూ ఉన్న మొదటి చీకటి పట్టీల మధ్య దూరాన్ని రెండుతో భాగించడం మరచిపోయారు.

అసలు చిక్కు వేరే ఉంది. పట్టీలు చక్కగానే వచ్చినట్లుంటాయి. కానీ మధ్య పట్టీ తీవ్రతలో నూటికి అయిదు వంతులైనా ఉండకూడని మొదటి పక్క పట్టీ బాగా మెరుస్తుంది, రెండోది దాదాపు మాయమవుతుంది, లెక్కించిన వెడల్పు పదో వంతు దాకా ఎక్కువ వస్తుంది. గుంటూరులో ఒక ల్యాబులో దీనికోసం లేజరు మార్చాను, స్కేలు మార్చాను, రెండు రోజులు పోయాయి. చివరకు చీలికను మూడు మిల్లీమీటర్లు పైకి జరపగానే పట్టీలు వాటంతట అవే సర్దుకున్నాయి. భూతద్దంతో చూస్తే 0.2 మిల్లీమీటర్ల చీలిక నడుమ నిలువుగా ఒక పత్తి పీచుపోగు, మందం చీలిక వెడల్పులో పదో వంతు కూడా ఉండదు. అది ఒక చీలికను రెండుగా విడదీసింది. పత్తి వ్యాపారం సాగే ఊరు, పైన ఎప్పుడూ తిరిగే ఫ్యాను, తుడవడానికి నూలు గుడ్డ: పోగు చేరడానికి ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి కొలతలకు ముందు చీలికను నిలువుగా కొద్దికొద్దిగా జరపండి. పట్టీల రూపం మారితే లోపం చీలికలోనే ఉంది. దానిని గుడ్డతో తుడవకండి. రబ్బరు బుడ్డితో గాలి ఊదండి. మరతో తెరిచే చీలికైతే వెడల్పుగా తెరిచి, చెక్కిన అగ్గిపుల్ల మొనతో అంచుల వెంబడి ఒక్కసారి మెల్లగా లాగండి. గాజుపలక మీద పూతతో చేసిన చీలికను మాత్రం పుల్లతో తాకకూడదు, పూత గీసుకుపోతుంది.

చీలిక అంచులు సమాంతరంగా లేక పట్టీలు విసనకర్రలా విచ్చుకోవడం అరుదు. అప్పుడు చీలికనే మార్చండి. శుభ్రం చేశాక మళ్ళీ పైకీ కిందకీ జరిపి, రూపం మారడం లేదని చూసుకున్నాకే రీడింగులు రాయండి.