తుపాన్లకు ముందే చూసుకోండి: వీశాట్ లింకులో ఐపీసెక్ నడుస్తోందా?

అమెరికా పరిశోధకులు 2025 అక్టోబరులో బయటపెట్టిన సంగతి చదివే ఉంటారు. మేడ మీద ఒక డిష్, మొత్తం సుమారు 800 డాలర్ల సామాను. దాంతోనే 39 ఉపగ్రహాల సిగ్నల్ పట్టారు. జనం ఫోన్ మాటలు, ఎస్సెమ్మెస్‌లు, కరెంటు సంస్థ సమాచారం ఏ తాళమూ లేకుండా దొరికాయి. ఎక్కడా చొరబడలేదు, ఊరికే విన్నారు. అలా వినేవాడి జాడ ఏ లాగ్‌లోనూ పడదు.

మన కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఫైబర్ తెగితే చాలా ఆఫీసులకు దిక్కు వీశాటే, అంటే చిన్న డిష్‌తో నడిచే ఉపగ్రహ లింకే. పాస్‌వర్డ్ మార్చమని అందరూ చెబుతారు, అది వదిలేద్దాం. కొంప ముంచేది ఒక్కటే: స్పీడ్ రావట్లేదని, డేటాకు తాళం వేసే ఐపీసెక్‌ను ఆపెయ్యడం.

ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి సుమారు 600 మిల్లీసెకన్లు. ఆ ఆలస్యం తెలియకుండా, మోడెంలోని స్పీడ్ పెంచే ఏర్పాటు (టీసీపీ యాక్సిలరేషన్) ప్యాకెట్ ముందుండే హెడర్ చదివి, ముందే అందినట్టు జవాబిచ్చేస్తుంది. ఐపీసెక్ ఆ హెడర్‌ను దాచేస్తుంది కాబట్టి స్పీడ్ పడిపోతుంది. టెక్నీషియన్ 'టెస్టింగ్ కోసం' ఐపీసెక్ టన్నెల్ ఆపుతాడు, స్పీడ్ వస్తుంది, సంతకం పెట్టించుకుని వెళ్తాడు. ఇక దాన్ని మళ్లీ ఆన్ చేసే నాథుడుండడు.

యాక్సిలరేటర్‌ను రెండు కొసల్లోనూ ల్యాన్ వైపు, ఎన్‌క్రిప్షన్‌కు ముందు పెట్టండి. ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితిని (ఎంఎస్ఎస్) 1350 బైట్లకు తగ్గించండి. లేకపోతే ఐపీసెక్ కలిపే బైట్లతో ప్యాకెట్ 1500 దాటుతుంది. పింగ్ వెళ్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. అప్పుడూ నింద ఐపీసెక్ మీదే.

తర్వాత ఫైబర్ పీకి మరీ చూడండి. రౌటర్‌కూ మోడెంకూ మధ్య పోర్ట్ మిర్రర్ చేసి (ట్రాఫిక్ నకలు తీసి), ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్ పది నిమిషాలు నడపండి. ఐపీ ప్యాకెట్లలో ఐపీసెక్ వాడే ఈఎస్‌పీ, యూడీపీ 500, 4500 పోర్టులు తప్ప ఇంకేమీ కనబడకూడదు. 53 (సైట్ పేర్లు), 161 (పరికరాల నిర్వహణ), 5060 (ఫోన్ కాల్స్) పోర్టులు కనబడ్డాయా, లింకు బట్టబయలే.

రౌటర్‌లో మోడెం వైపు పోర్టుకు (వ్యాన్) ఏసీఎల్, అంటే అనుమతుల జాబితా పెట్టి, ఈఎస్‌పీ, యూడీపీ 500, 4500 తప్ప అన్నీ డ్రాప్ చెయ్యండి. టన్నెల్ తెగితే ట్రాఫిక్ ఆగాలి, బయటికి పారకూడదు.
డిఫాల్ట్ రూట్ (వేరే దారి చెప్పని ట్రాఫిక్ పోయే దారి) టన్నెల్‌లోకే.
'మాది ప్రైవేట్ నెట్‌వర్క్' అంటే ఒప్పుకోకండి. ఉపగ్రహ బీమ్ వందల కిలోమీటర్ల మేర, ఒక్కోసారి దేశమంతా పడుతుంది.
టవర్ల మధ్య మైక్రోవేవ్ హాప్‌లో ఏఈఎస్ (ఎన్‌క్రిప్షన్) లైసెన్స్ కొంటే సరిపోదు, రెండు కొసలా ఆన్ చెయ్యాలి.
ఎవరైనా వినగల అనలాగ్ వీహెచ్ఎఫ్ వాకీటాకీ రిపీటర్ మీద రోగి పేరు, క్యాష్ వ్యాన్ రూటు చెప్పకండి.
అన్ని బ్రాంచీలకూ ఒకే ఐపీసెక్ కీ వద్దు. కీ వాట్సాప్‌లో పంపొద్దు.
టెక్నీషియన్ వెళ్లేముందు వైర్‌షార్క్ క్యాప్చర్ మళ్లీ తీయండి. ఐపీసెక్ ఆపి ఉంటే సంతకం పెట్టకండి.