లాగ్ తీసేసినా డిస్క్ ఖాళీ కాకపోతే

లైనక్స్ సర్వర్‌లో పెద్ద లాగ్‌ని (ప్రోగ్రాములు రాసుకునే చిట్టా ఫైల్‌ని) ఆర్‌ఎమ్ ఆదేశంతో తీసేశాక కూడా ఒక్కోసారి డీఎఫ్ (డిస్క్ ఎంత నిండిందో చెప్పే ఆదేశం) 100 శాతమే చూపిస్తుంది, డీయూ (ఫైళ్ల సైజులు కూడి చెప్పే ఆదేశం) లెక్క మాత్రం తక్కువే వస్తుంది. ఆ ఫైల్‌ని సాధారణంగా ఏదో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఇంకా తెరిచే ఉంచిందన్నమాట; అది మూసేదాకా చోటు ఖాళీ కాదు.

రూట్‌గా (అడ్మిన్ ఖాతాతో) ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1’ (ఎల్1లో ఎల్ పెద్దక్షరం) కొట్టండి, తీసేసినా ఇంకా తెరిచే ఉన్న ఫైళ్ల జాబితా వస్తుంది. ‘డిలీటెడ్’ అని ఉన్నవాటిలో సైజు పెద్దదాని పీఐడీ (ప్రాసెస్ నంబర్) ఏ సర్వీసుదో చూసి, ఆ ఒక్కదాన్నే సిస్టమ్‌సీటీఎల్ (సర్వీసులను ఆపి, నడిపే ఆదేశం)తో రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది. సర్వర్ రీబూట్ అక్కర్లేదు. ఇకమీదట నడుస్తున్న లాగ్‌ని తీసేయకుండా ‘ట్రంకేట్ -ఎస్ 0’తో ఖాళీ చేస్తే ఈ తిప్పలే ఉండవు (లాగ్‌లకే సుమా, డేటాబేస్ ఫైళ్ల జోలికి పోవద్దు).

జాబితాలో పెద్దవేమీ కనపడకపోతే ఈ చిట్కా పనిచేయదు. అప్పుడు మౌంట్ పాయింట్ (వేరే డిస్క్‌ని తగిలించిన ఫోల్డర్) కింద పాత ఫైళ్లు దాగి ఉండొచ్చు: ‘మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ’ చేసి, అక్కడ డీయూ నడిపి చూడండి.