ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అంటోందా? డ్రైవర్ జోలికి వెళ్లే ముందు ఇది చూడండి

నిన్న సాయంత్రం దాకా బాగా పనిచేసిన ఆఫీసు నెట్‌వర్క్ ప్రింటర్ పొద్దున్నే ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తుంది. అందరూ వెంటనే డ్రైవర్ (సిస్టమ్‌ను ప్రింటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. ఆగండి. నిన్న పనిచేసిన డ్రైవర్ రాత్రికి రాత్రి పాడవడం తక్కువ.

ముందు కుర్చీలోంచి లేచి ప్రింటర్ దగ్గరకు వెళ్లండి. పేపర్ ఇరుక్కుందా? వెనక నెట్‌వర్క్ కేబుల్ దగ్గర చిన్న లైటు వెలుగుతోందా? ఊడ్చేటప్పుడు కేబుల్ కాస్త వదులైనా చాలు, అంతే సంగతులు. ఇది చూడకుండానే నాకు ఫోన్ చేసేవాళ్లను లెక్కపెట్టడం మానేశాను. తర్వాత సిస్టమ్‌లో ప్రింట్ క్యూ (ప్రింట్ కోసం వరసలో ఉన్న జాబ్‌ల జాబితా) తెరవండి. ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ దగ్గర టిక్ ఉంటే తీసేయండి. ఏదైనా జాబ్ ‘డిలీటింగ్’ అంటూ కదలకుండా ఉంటే విండోస్ సర్వీసెస్‌లో, ఆ వరసను నడిపే ప్రింట్ స్పూలర్‌ని రీస్టార్ట్ చేయండి.

ఇవన్నీ బాగున్నా ప్రింట్ రాలేదంటే, రాత్రి కరెంటు పోయిందేమో అడగండి. చాలా ఆఫీసుల్లో ప్రింటర్‌కు ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబర్) రౌటరే ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక రౌటర్ వేరే నంబర్ ఇవ్వొచ్చు. సిస్టమ్ మాత్రం పాత నంబర్‌కే పంపుతూ కూర్చుంటుంది. ఒకసారి నేను దీని చేతిలో బాగా మోసపోయాను. పింగ్ చేస్తే, అంటే ఆ నంబర్‌లో ఎవరైనా పలుకుతున్నారా అని సిస్టమ్ నుంచి అడిగితే, ప్రింటర్ పాత నంబర్ 192.168.1.23 నుంచి చక్కగా జవాబు వస్తోంది, కాబట్టి నెట్‌వర్క్ బాగుందనుకున్నాను. డ్రైవర్ రెండుసార్లు ఎక్కించాను. మధ్యాహ్నం విసుగొచ్చి ప్రింటర్ మీదే నెట్‌వర్క్ రిపోర్ట్ తీస్తే, అందులో చివరి నంబర్ 27! ఇంతసేపూ జవాబిచ్చింది మా అకౌంటెంట్ గారి ఫోన్. పాత నంబర్ దానికి వెళ్లింది.

కాబట్టి పింగ్‌ని నమ్మకండి, రిపోర్ట్ తీయండి. అందులోని ఐపీని, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో ‘పోర్ట్స్’ ట్యాబ్‌లో ఉన్న ఐపీని పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే రౌటర్‌లోకి వెళ్లి, ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కు (దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్) ఒక ఐపీ రిజర్వ్ చేయండి, అంటే ఎప్పుడూ అదే నంబర్ దానికి వచ్చేలా పెట్టండి. పది సిస్టమ్‌లు ఉంటే పాత ఐపీనే రిజర్వ్ చేయడం తెలివైన పని, ఒక్కో సిస్టమ్ దగ్గరకూ తిరగక్కర్లేదు. ముందు ఆ నంబర్ పట్టుకున్న ఫోన్‌ను వైఫై నుంచి తీసి, తర్వాత ప్రింటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. పోర్ట్ పేరు డబ్ల్యూఎస్‌డీ (ప్రింటర్‌ను విండోస్ తనంతట తానే వెతికి పెట్టుకునే పోర్ట్) అని మొదలైతే, దాని బదులు నేరుగా ఐపీ నంబర్‌కే పంపే స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ పెట్టుకోండి.

రిపోర్ట్‌లో ఐపీ 169.254 అని మొదలైతే ప్రింటర్‌కు రౌటర్ నుంచి నంబరే రాలేదని అర్థం. మళ్లీ కేబుల్ దగ్గరకే. ఐపీ సరిగ్గా ఉన్నా ఆఫ్‌లైన్ అంటే, పోర్ట్ సెట్టింగుల్లో ఎస్ఎన్ఎంపీ (ప్రింటర్ పరిస్థితిని సిస్టమ్ అడిగి తెలుసుకునే పద్ధతి) టిక్ తీసి చూడండి. ప్రింటర్‌లో నెట్‌వర్క్ కార్డు కాలిపోవడం లాంటివి కూడా ఉంటాయి గానీ, అవి మెకానిక్ పని.

చివర్లో, రిజర్వ్ చేసిన నంబర్ నిలిచిందో లేదో తెలియడానికి, రౌటర్‌ని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేసి, టెస్ట్ పేజీ ఇచ్చి చూసుకోండి. అందరూ ఇళ్లకు వెళ్లాకే సుమా. నేను బిల్లింగ్ టైములో చేసి తిట్లు తిన్నాను.