జపాన్ ఇంట్లో ఉండటానికి వెళ్లే పిల్లలకు జాగ్రత్తలు

సూట్‌కేస్ మూసే ముందు ఇవి చూసుకోండి.

• అమ్మ ఎంత బతిమాలినా చికెన్ పచ్చడి పెట్టుకోవద్దు. మాంసం కలిసినదేదీ జపాన్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు, పండ్లు కూడా వదిలేయండి.

• జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే అక్కడ నిషేధం. రోజూ మందులు వాడేవాళ్లు డాక్టర్ చీటీ దగ్గర ఉంచుకోండి.

• అక్కడ కరెంటు 100 వోల్టులు, ప్లగ్గుకి రెండు బల్లపరుపు పిన్నులు. అడాప్టర్ ఇక్కడే కొనండి.

• శాకాహారులైతే ఆ ఇంటివాళ్లకి ఇప్పుడే రాసి పంపండి. వెజిటేరియన్ అన్న ఒక్క మాట సరిపోదు. మిసో సూప్‌కి వాడే దాషి రసం చాలా ఇళ్లలో ఎండు చేపతోనే కాస్తారు. చేప, గుడ్డు, కోడి, ఏది తినరో విడివిడిగా చెప్పండి. పొద్దున్నే లేచి వండిపెట్టిన ఆ ఇంటి అమ్మకి పళ్లెం ముందు కూర్చుని వద్దని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి.

• స్నానం విషయంలోనే అందరికీ టెన్షన్. ముందు తొట్టి బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో రుద్దుకుని, నురగంతా పోయేదాకా కడుక్కోవాలి. ఆ తర్వాతే వేడినీళ్ల తొట్టిలో దిగాలి. అతిథిని మొదట పంపడం వాళ్ల మర్యాద. మీ తర్వాత ఇంటిల్లిపాదీ ఆ నీళ్లలోనే దిగుతారు. అందుకే బిరడా తీయకండి.

• చిరుగుల్లేని సాక్సులు పెట్టుకోండి. తటామీ చాపల మీద స్లిప్పర్లు కూడా వేసుకోరు. టాయ్‌లెట్ స్లిప్పర్లు అక్కడే విడిచి రావాలి.

• అంబులెన్స్‌కి 119, పోలీసులకి 110. ఫోన్‌లో ఇప్పుడే ఎక్కించుకోండి.